విజ్ఞాన చంద్రికా గ్రంథమాల: చందాదారులను నిలుపుకోవడం

గ్రంథమాలకు ఒక పుస్తకం అమ్ముడైతే చాలదు. దాన్ని చదివినవారు తరువాతి పుస్తకానికీ చందాదారులుగా నిలవాలి. తెలుగులో ఈ సమస్యను ఎదుర్కొన్న తొలితరం సంస్థల్లో విజ్ఞాన చంద్రికా మండలి ముఖ్యమైనది.

దీని ప్రధాన నిర్వాహకుడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు (1877-1923) నందిగామ ప్రాంతంలోని పెనుగంచిప్రోలులో జన్మించారు. పొరుగున ఉన్న మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారితో కలిసి హైదరాబాదులో మండలిని స్థాపించారు. తరువాత అది మద్రాసుకు మారింది.

అక్షరాస్యులు తక్కువగా ఉన్న ఆ కాలంలో చందా మానుకున్న ప్రతి పాఠకుడూ తరువాతి గ్రంథానికి లోటే. అందుకే మండలి ఒకే రకం పుస్తకాలకు పరిమితం కాలేదు. గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్రతో మొదలుపెట్టి, ప్రకృతి శాస్త్రాలను, దేశచరిత్రలను వాడుకకు దగ్గరైన సులభ గ్రాంథికంలో అందించింది. 1910లో చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం వెలువడింది. భాగాలుగా వచ్చే రచన తరువాతి భాగంపై ఆసక్తిని నిలిపింది. నవలల పోటీలు కథాప్రియులనూ ఆకర్షించాయి.

ఈ పద్ధతికి ఒక పరిమితి కూడా ఉంది. లక్ష్మణరావు తలపెట్టిన 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' మూడు సంపుటాలు వచ్చినా 'అ' అక్షరం దాటలేదు. 1923లో ఆయన మరణంతో ఆగిపోయింది. వైవిధ్యం, క్రమబద్ధత పాఠకులను నిలుపుతాయి. అయితే ఆ క్రమం ఒక్కరి శ్రమపైనే ఆధారపడితే, ఆ వ్యక్తితోపాటే తెగిపోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పాఠకులను నిలుపుకోవడానికి మండలి అనుసరించిన మార్గాలేవి?