కౌన్సెలర్‌కు చెప్పిన మాట ఎవరి దాకా వెళ్తుంది?

వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒక్కరైనా ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులై 25న ఆదేశించింది. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణుల దగ్గరకు విద్యార్థులను పంపే ఏర్పాటు చేసుకోవాలి. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ 2023లో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసును సీబీఐకి అప్పగిస్తూ జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదొకటి. ప్రత్యేక చట్టం వచ్చేదాకా ఇవే చట్టంగా అమల్లో ఉంటాయి.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. కాబట్టి కౌన్సెలర్ల నియామకం ఎప్పుడో జరగాల్సింది. అయితే గది ఉన్నంత మాత్రాన విద్యార్థి లోపలికి రాడు. ఇక్కడ చెప్పింది ఇంట్లోవాళ్లకు తెలుస్తుందా, హెచ్‌ఓడీ చెవిన పడుతుందా, రేపు ప్లేస్‌మెంట్‌కు అడ్డొస్తుందా అన్నది తలుపు దగ్గరే ఎదురయ్యే అనుమానం.

ఈ అనుమానానికి చట్టంలో సగం జవాబే ఉంది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017లోని 23వ సెక్షన్, మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తికి గోప్యతను హక్కుగా ఇచ్చింది. చికిత్స చేసేవారు వివరాలు బయటపెట్టకూడదు. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, ఇతరులకు హాని జరగకుండా ఆపాల్సినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, ఇలా కొన్ని మినహాయింపులున్నాయి. ఇతరులకు హాని విషయంలో కూడా ఆ హానిని ఆపడానికి అవసరమైనంత సమాచారమే ఇవ్వాలి.

చిక్కు నిర్వచనాల దగ్గర వస్తుంది. ఈ చట్టం దృష్టిలో మానసిక అనారోగ్యం అంటే ఆలోచనను, మనఃస్థితిని, విచక్షణను తీవ్రంగా దెబ్బతీసే రుగ్మత. పరీక్షల భయం, ప్రేమ విఫలం, ఇంటిమీద బెంగ, ర్యాగింగ్, కులం పేరుతో ఎదురైన అవమానం ఆ నిర్వచనంలో ఇమడవు. విద్యార్థులు కౌన్సెలర్ దగ్గరకు తెచ్చే సమస్యలు మాత్రం ఎక్కువగా ఇవే. సైకియాట్రిస్టులు, రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టులు, మెంటల్ హెల్త్ నర్సులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను చట్టం మానసిక ఆరోగ్య నిపుణులుగా గుర్తిస్తుంది. ఎం.ఏ. సైకాలజీ చేసి కాలేజీలో జీతానికి పనిచేసే కౌన్సెలర్ ఈ జాబితాలో లేరు. ప్రిన్సిపాల్ ఫైలు అడిగితే కాదనడానికి వృత్తి నైతికత తప్ప చేతిలో మరో ఆయుధం లేని ఉద్యోగి ఆ కౌన్సెలర్. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే గానీ, ప్రైవేటు కాలేజీ యాజమాన్యం మీద దాన్ని నేరుగా ప్రయోగించడం తేలిక కాదు.

ఇంటర్మీడియెట్ విద్యార్థుల పరిస్థితి ఇంకా ఇరుకు. వాళ్లలో చాలామందికి 18 ఏళ్లు నిండవు. మైనర్ల విషయంలో చట్టం సంరక్షకులనే ప్రతినిధులుగా చూస్తుంది; చికిత్సకు సంబంధించిన సమాచారం వారికి అందుతుంది. ఇష్టం లేని ఎంపీసీలో నాన్న చేర్పించాడని చెప్పుకోవడానికి వచ్చిన పిల్లకు ఆ నాన్నకే ఫోన్ వెళ్తే, ఆమె మళ్లీ ఆ గది మెట్లెక్కదు. 18 నిండిన డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థుల సంగతి వేరు. ఫీజు కడుతున్నారన్న కారణంతో తల్లిదండ్రులకు ఆ వివరాలు అడిగే హక్కు రాదు.

సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లో ఒక మంచి ఆధారం ఉంది. కౌన్సెలింగ్, రిఫరల్ వివరాలను పేర్లు లేకుండా నమోదు చేసి, ఏటా నియంత్రణ సంస్థకు నివేదిక ఇవ్వాలని కోర్టు చెప్పింది. అంటే యాజమాన్యానికి కావలసింది సంఖ్యలే, పేర్లు కాదు. ఆచరణలో గోప్యత పోయేది చాలాసార్లు చిన్న చోట్లే: ప్రిన్సిపాల్ గది పక్కనే కౌన్సెలర్ గది, రోల్ నంబర్ రాయాల్సిన రిజిస్టర్, క్లాసు మానినందుకు తెమ్మనే సంతకం. క్రమశిక్షణ కమిటీలో ఉన్న అధ్యాపకుడికే కౌన్సెలర్ బాధ్యత అప్పగించడం వీటన్నిటికంటే చెడ్డది.

విద్యార్థి మొదటి రోజే అడగదగినవి కొన్ని ఉన్నాయి. నోట్సు ఎక్కడ ఉంచుతారు, ఎవరు చూడగలరు, ఏ పరిస్థితిలో ఇతరులకు చెబుతారు, చెప్పేముందు తనకు తెలియజేస్తారా? క్యాంపస్‌లో ఎవరికీ తెలియకుండా మాట్లాడాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 రోజంతా, ఉచితంగా, తెలుగులోనూ అందుబాటులో ఉంటుంది. ఈ నంబర్‌ను హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనిపించేలా రాసిపెట్టాలన్నది కూడా ఆ మార్గదర్శకాల్లో భాగమే.