ఈ-సిగరెట్ అంటే ఏది?

ఈ మధ్య వరుసగా మూడు పుస్తకాలు చదివాను: ఎలన్ బ్రాంట్ ‘ది సిగరెట్ సెంచరీ’, రాబర్ట్ ప్రాక్టర్ ‘గోల్డెన్ హోలోకాస్ట్’, జేమీ డుషార్మ్ ‘బిగ్ వేప్’. మొదటి రెండూ చరిత్రకారులు రాసిన బరువైన గ్రంథాలు. సిగరెట్ కంపెనీల పాత దస్తావేజులను తవ్వి తీసి రాసినవి. మూడవది ఒక పత్రికా రచయిత్రి చెప్పిన జూల్ కంపెనీ కథ. రెండు రోజుల్లో చదివేయవచ్చు. విడివిడిగా పరిచయం చేద్దామనే మొదలుపెట్టాను. కానీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, ఏ ఒక్కదానిలోనూ పూర్తిగా లేని ఒక కథ మూడింటి మధ్యా కనిపించింది. అది వస్తువు ఆకారం కథ.

ఈ-సిగరెట్ మంచిదా, చెడ్డదా అని అడిగేవారు నాకు తరచూ తగులుతుంటారు. ఏ ఈ-సిగరెట్ అని తిరిగి అడిగితే ఆశ్చర్యంగా చూస్తారు. ఇరవై ఏళ్లలో ఆ పేరు కింద కనీసం నాలుగు వేర్వేరు వస్తువులు వచ్చాయి. అవి నికొటిన్‌ను అందించే తీరు వేరు, వాడే మనుషులు వేరు, తెచ్చిపెట్టిన చిక్కులు వేరు.

అసలు ఏర్పాటు మాత్రం ఒక్కటే. విప్పి చూస్తే బ్యాటరీ, వేడెక్కే తీగ, ఆ తీగకు ద్రవాన్ని అందించే వత్తి, ద్రవం నిలవుండే తొట్టి కనిపిస్తాయి. మన ప్రమిదే అనుకోండి. నూనె బదులు ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ అనే తియ్యని ద్రవాలు, వాటిలో కలిపిన రుచులు, నికొటిన్. మంట స్థానంలో విద్యుత్తు. తీగను స్ప్రింగులా చుడతారు గనుక ఇంగ్లీషులో కాయిల్ అన్నారు. తెలుగులో చుట్ట అనవలసిందే గాని, ఆ మాటను మనవాళ్లు ఏనాడో మరో పొగవస్తువుకు ఇచ్చేశారు. వెలువడేది నిజానికి ఆవిరి కూడా కాదు, గాలిలో తేలే అతి సన్నని బిందువుల తుంపర. ఆకు కాలదు గనుక తారు ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఉండదు. సిగరెట్‌కూ దీనికీ ఉన్న అసలు భేదం అది. దానిని తక్కువ చేసి చూపడం వైద్యులకు తగదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. పెన్సిల్వేనియాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో దరఖాస్తు పెట్టి, 1965లో ‘పొగలేని, పొగాకు లేని సిగరెట్’కు పేటెంటు సంపాదించాడు. బ్యాటరీతో వేడిచేసిన, రుచి కలిపిన తేమగాలి అందులో ఉంది, నికొటిన్ లేదు. కాలం చూస్తే అంతకన్నా మంచి ముహూర్తం ఉండదు. పొగాకు మీద లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ నివేదిక 1962లో, అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964లో వెలువడ్డాయి. అయినా ఆ పరికరాన్ని తయారుచేసి అమ్మడానికి ఎవరూ ముందుకు రాలేదు. తరువాత ఫిల్ రే అనే కంప్యూటర్ ఇంజనీరు, ఆయన వైద్యుడు నార్మన్ జేకబ్‌సన్ కలిసి ‘ఫేవర్’ అనే గొట్టాన్ని తెచ్చారు. దానిలో బ్యాటరీ లేదు, నికొటిన్ ఉంది. పీలిస్తే చల్లగానే అందేది. అనుమతి లేని మందు అంటూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1987లో దానిని ఆపించింది. ఒకరి దగ్గర వేడి, మరొకరి దగ్గర నికొటిన్. రెండూ ఒకచోట చేరడానికి ఇంకో పదహారేళ్లు పట్టింది.

చేర్చినవాడు చైనాలోని షెన్‌యాంగ్ నగరానికి చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్. తానే పెద్ద పొగరాయుడు. నికొటిన్ పట్టీలు అతికించుకున్నా మానలేకపోయాడు. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. హాన్ 2003లో పేటెంటుకు దరఖాస్తు చేసిన నమూనాలో ద్రవాన్ని తుంపరగా మార్చేది అల్ట్రాసోనిక్ కంపనం. వేడి తీగ తరువాతి నమూనాలలో స్థిరపడింది. 2004లో చైనా విపణిలోకి వచ్చిన ఆ వస్తువు పేరు ‘రూయాన్’. పొగలాంటిది అని అర్థం. పేరుకు తగ్గట్టే అది అచ్చం సిగరెట్‌లా ఉండేది. ఒక చివర పీల్చేచోట గోధుమరంగు, రెండో చివర నిప్పులా వెలిగే చిన్న దీపం. మొదటి తరం వస్తువులన్నిటిదీ ఇదే వేషం. వేషం కుదిరింది, పని కుదరలేదు. వేలెడంత బ్యాటరీతో తీగ సరిగా వేడెక్కదు, నికొటిన్ రక్తంలోకి అంతంతమాత్రంగానే చేరుతుంది. న్యూజీలాండ్‌లో 657 మంది మీద జరిపి 2013లో ‘లాన్సెట్’లో ప్రచురించిన పరీక్షలో వాడినది ఈ తరం వస్తువే. ఆరు నెలలకు దానితో పొగ మానినవారు 7.3 శాతం, నికొటిన్ పట్టీలతో 5.8 శాతం, నికొటిన్ లేని ఈ-సిగరెట్‌తో 4.1 శాతం. పట్టీల కన్నా మేలని తేల్చడానికి ఆ తేడా చాలదు. ఈ-సిగరెట్ వల్ల ఒరిగేదేమీ లేదన్న అభిప్రాయం చాలామంది వైద్యులలో అప్పుడు పడింది. ఆ తీర్పు ఒక్క తరానికి సంబంధించినదని గమనించినవారు తక్కువ.

రెండో తరాన్ని మలచడంలో వాడకందార్ల చేయి ఎక్కువ. సిగరెట్ వేషం వదిలేసి, లావుపాటి కలమంత బ్యాటరీ, దాని మీద లోపలి ద్రవం కనిపించే పారదర్శకమైన తొట్టి, మార్చుకోదగిన కాయిల్. ద్రవాన్ని సీసాతో విడిగా కొని తామే నింపుకుంటారు. అంతటితో ఆగక, టార్చిలైటు గొట్టాల వంటి లోహపు పెట్టెల్లో పెద్ద బ్యాటరీలు అమర్చినవారు కొందరు. ‘మాడ్’ అన్న పేరు అలా వచ్చింది. బ్రిటన్‌లో 2008 ప్రాంతంలో తయారైన ‘స్క్రూడ్రైవర్’ వాటిలో తొలినాటిది. తరువాత వోల్టేజీని తగ్గించి పెంచుకునే పెట్టెలు, ఒక ఓమ్ కన్నా తక్కువ నిరోధం ఉన్న తీగలు వచ్చాయి. చిన్న పరికరంతో సిగరెట్‌లాగే ముందు నోట్లోకి, తరువాత లోపలికి పీలుస్తారు. ఈ పెద్దవాటితో తిన్నగా ఊపిరితిత్తుల్లోకే. గది నిండా మేఘం లేస్తుంది. తుంపర అంత ఎక్కువ కాబట్టి ద్రవంలో మిల్లీలీటరుకు 3 లేక 6 మిల్లీగ్రాముల నికొటిన్ సరిపోతుంది. సీసా మీది అంకె చూసి ‘తక్కువ నికొటిన్’ అని రోగి చెబితే నమ్మకూడదన్నది నేను ఇక్కడ నేర్చుకున్న పాఠం. పరికరం చూడకుండా ఆ అంకెకు అర్థం లేదు.

ఈ తరం మీద వచ్చిన ఒక వివాదం చెప్పుకోదగ్గది. ఒకే పరికరాన్ని 3.3 వోల్టుల దగ్గర నడిపితే ఫార్మాల్డిహైడ్ జాడ కనబడలేదనీ, 5 వోల్టుల దగ్గర నడిపితే కనబడిందనీ 2015లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక లేఖ వచ్చింది. అంత వేడికి వత్తి ఎండిపోయి మాడువాసన కొడుతుంది, ఎవరూ పీల్చరు అని విమర్శకులు బదులిచ్చారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నాకు ముఖ్యమనిపించింది వేరు: మీట ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి ఒకే వస్తువు రెండు వస్తువులవుతుంది. అదే పత్రిక 2019లో ఇంగ్లండ్‌లోని 886 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాన్ని ప్రచురించింది. వాడినది నింపుకునే రెండో తరం పరికరం. ఏడాది తరువాత దానితో పొగ మానినవారు 18 శాతం, పట్టీల వంటివాటితో 9.9 శాతం. న్యూజీలాండ్ ఫలితంతో దీనిని సూటిగా పోల్చకూడదు. ఇక్కడ వారం వారం సలహాదారు తోడుగా ఉన్నారు. కానీ తొట్టి, బ్యాటరీ మారడం కూడా లెక్కలోకి రావాలి. ఇదే పరీక్షలో, ఈ-సిగరెట్‌తో పొగ మానినవారిలో 80 శాతం ఏడాది తరువాత కూడా ఈ-సిగరెట్‌ను వదలలేదు.

మూడో తరానికి వెళ్లే ముందు గుంటూరు వెళ్లి రావాలి. ప్రాక్టర్ పుస్తకంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన అధ్యాయం పొగాకును మగ్గించే పద్ధతి గురించి. గిరీశం వెంకటేశానికి నేర్పిన చుట్ట గాలికి ఆరిన ఆకుతో చేసింది. దాని పొగ క్షారగుణం కలది, ఘాటు. గొంతు దిగనివ్వదు, దిగనవసరమూ లేదు. క్షార స్థితిలో నికొటిన్ నోటి పొరల నుంచే రక్తంలో చేరుతుంది. అందుకే చుట్ట తాగేవారికి జబ్బు ఎక్కువగా నోటి దగ్గర మొదలవుతుంది. శ్రీకాకుళం పల్లెల్లో స్త్రీలు నిప్పు వైపు నోట్లో పెట్టుకొని తాగే అడ్డపొగ వల్ల అంగిలికి కలిగే మార్పులను 10,169 మందిలో పరిశీలించి 1971లో ప్రచురించిన వ్యాసం నేటికీ నోటి క్యాన్సర్ చదువులో ప్రామాణికం. వర్జీనియా పొగాకు సంగతి వేరు. గుంటూరు జిల్లాలో 1920లలో కాలూనిన ఆ పంటను బ్యారన్లలో ఇనుప గొట్టాల వేడితో మగ్గిస్తారు. ఆకులోని చక్కెర నిలిచిపోతుంది, పొగ ఆమ్లగుణం పొందుతుంది, మెత్తబడుతుంది. మెత్తని పొగ నుంచి నోరు నికొటిన్‌ను తీసుకోలేదు. ఊపిరితిత్తుల దాకా పీల్చక తప్పదు. పీలిస్తే క్షణాల్లో మెదడుకు చేరుతుంది. పొగ ఘాటు తగ్గడమే సిగరెట్‌ను అంత ప్రాణాంతకం చేసిందన్నది ప్రాక్టర్ వాదం. మా తరం వైద్య విద్యార్థులకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. బ్యారన్ల మధ్య పుట్టి పెరిగిన సహాధ్యాయులకు కూడా.

ఇప్పుడు జూల్. స్టాన్‌ఫర్డ్‌లో వస్తు రూపకల్పన చదివిన ఆడమ్ బోవెన్, జేమ్స్ మాన్సీస్ ఇద్దరూ పొగతాగేవారే. సిగరెట్ కంపెనీలు కోర్టు ఒప్పందాల వల్ల బహిరంగపరచవలసి వచ్చిన పత్రాలను వారు శ్రద్ధగా చదివారు. బ్రాంట్, ప్రాక్టర్ ఆ కంపెనీల మీద అభియోగం రాయడానికి వాడుకున్న భాండాగారమే అది! 2015లో బజారులోకి వచ్చిన వారి పరికరం కంప్యూటర్‌కు తగిలించే పెన్‌డ్రైవ్‌లా ఉండేది. మీటలు లేవు, నింపుకోవడం లేదు, 0.7 మిల్లీలీటర్ల ద్రవం ఉన్న చిన్న పాడ్ తగిలించి పీల్చడమే. విద్య అంతా ద్రవంలో ఉంది. మామూలు నికొటిన్ క్షారం. గాఢత పెరిగితే గొంతు పట్టేస్తుంది. దానికి బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మార్చారు. ఘాటు పోయింది. మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల దాకా నింపినా పసివాడి గొంతు కూడా అభ్యంతరం చెప్పదు. బ్యారన్‌లో వేడి ఆకుకు చేసిన పనిని ఇక్కడ బెంజోయిక్ ఆమ్లం ద్రవానికి చేసింది.

ఆ గాఢత వల్లనే పాత పొగరాయుళ్లకు అది నచ్చింది, ఎన్నడూ పొగ తాగని పిల్లలకు పట్టుబడింది. 2019లో అమెరికా హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం గడచిన నెల రోజుల్లో ఈ-సిగరెట్ వాడామని సర్వేలో చెప్పారు. అంతకు ముందరి డిసెంబరులో ఆల్ట్రియా అనే సిగరెట్ సంస్థ 1280 కోట్ల డాలర్లు పోసి జూల్‌లో 35 శాతం వాటా కొన్నది. డుషార్మ్ పుస్తకం ఈ ఘట్టాల దగ్గర బాగా నడుస్తుంది. రసాయనం దగ్గరికి వచ్చేసరికి తొందరపడుతుంది.

2019లోనే అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతిన్న యువకులు ఆసుపత్రులకు రావడం మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. పరీక్షించిన 51 మంది రోగులలో 48 మంది ఊపిరితిత్తుల ద్రవంలో విటమిన్-ఇ ఎసిటేట్ దొరికింది. అది ప్రధానంగా గంజాయి నూనె నింపిన దొంగసరుకు గొట్టాలలో కలిపిన పదార్థం. పరికరం చూడడానికి అదే. లోపలి సరుకు వేరు. ఈ భేదం వార్తల్లో చాలాకాలం తెలియలేదు. భారత ప్రభుత్వం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకాలను నిషేధిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది కూడా ఆ సెప్టెంబరులోనే; డిసెంబరులో అది చట్టమైంది. తొలి నేరానికి ఏడాది జైలు లేక లక్ష రూపాయల జరిమానా, లేక రెండూ. ఆ చట్టం తరాల భేదం చూడదు. సెలవులకు ఇంటికి వెళ్లే మన పిల్లలు పెట్టెలో పెట్టుకొనే ముందు ఇది తెలుసుకోవాలి.

నాలుగో తరం చట్టం కన్నం లోంచి పుట్టింది. రుచులు కలిపిన పాడ్‌ల మీద అమెరికా 2020 ఆరంభంలో ఆంక్ష పెట్టింది, వాడి పారేసే రకాన్ని వదిలేసింది. కొద్దికాలంలోనే బజారు అటు తిరిగింది. అదే నికొటిన్ లవణం, నింపే పని లేదు, చార్జింగ్ పని లేదు, రంగురంగుల గొట్టం. బ్రిటన్‌లో 2016 నుంచి తొట్టి 2 మిల్లీలీటర్లకు, గాఢత మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించరాదన్న నియమం ఉంది. ఈ గొట్టాలు సరిగ్గా ఆ గీత మీదనే నిలిచాయి.

రోగికి నేను చెప్పేది సూటిగానే ఉంటుంది. రోజుకు ఇరవై సిగరెట్లు తాగే అరవయ్యేళ్ల మనిషి నింపుకునే పరికరానికి పూర్తిగా మారితే సంతోషిస్తాను; సగం ఇది, సగం అది అంటే ఒప్పుకోను. దీర్ఘకాలపు హాని పొగాకు హానిలో 5 శాతానికి మించకపోవచ్చునని రాయల్ కాలేజ్ 2016లో అన్నది ఒక అంచనా మాత్రమే, కొలిచి తేల్చింది కాదు. పదిహేనేళ్ల పిల్లకు ఆ అంకె చెప్పి పుచ్చకాయ రుచి గొట్టాన్ని సమర్థించేవారితో నాకు పేచీ. ఆ పిల్ల మానుతున్న సిగరెట్ ఏదీ లేదు.

బ్రిటన్‌లో వాడి పారేసే రకం అమ్మకం 2025 జూన్ 1 నుంచి నిషిద్ధం. మా వీధి చివరి దుకాణంలో మర్నాడు చూశాను. అదే అర, అవే రంగులు, అవే రుచులు. గొట్టం అడుగున చార్జింగ్‌కు ఒక రంధ్రం, పైన ఊడి వచ్చే పాడ్ మాత్రం కొత్తవి.