అమెరికా జాతీయ అడవులు: ఎవరి మాట చెల్లుతుంది?

అమెరికాలో జాతీయ అడవులు వ్యవసాయ శాఖ కింద ఉంటాయి. మనకు వింతగా తోచే ఈ ఏర్పాటు వెనక దాదాపు పదిహేనేళ్ల పెనుగులాట ఉంది.

అడవులను రిజర్వు చేసే అధికారం 1891లో అధ్యక్షుడికి దక్కింది. ఆ భూములు ఇంటీరియర్ శాఖలోని జనరల్ ల్యాండ్ ఆఫీసు చేతికి వెళ్లాయి. ప్రభుత్వ భూములను జనానికి పంచిపెట్టడమే ఆ ఆఫీసుకు అలవాటైన పని. చెట్ల సంగతి ఎరిగినవాళ్లు అందులో అరుదు. ఎరిగినవాళ్లేమో వ్యవసాయ శాఖలో, 1898 నుంచి గిఫర్డ్ పించో నాయకత్వంలో పనిచేస్తున్నారు. వాళ్ల అజమాయిషీలో రిజర్వు అడవి ఒక్క ఎకరమైనా లేదు. పించో పట్టు విడవలేదు. తన మిత్రుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడయ్యాక, 1905 ఫిబ్రవరి 1న, ఆ అడవులన్నీ వ్యవసాయ శాఖకు మారాయి. ఫారెస్ట్ సర్వీస్ పుట్టింది ఆ ఏడాదే. రిజర్వులకు జాతీయ అడవులన్న పేరు 1907లో వచ్చింది.

అయితే అధికారమంతా చేతులు మారలేదు. 1872 నాటి గనుల చట్టం వ్యవహారం ఇంటీరియర్ శాఖలోనే ఉండిపోయింది. 1946 నుంచి దాన్ని ఆ శాఖలోని బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ (ల్యాండ్ బ్యూరో) చూస్తోంది. ఇక ఈ అడవుల్లో జింకల వేటకు లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం.

ఈ శాఖలను దగ్గరికి చేర్చింది మంటలే. 1910 ఆగస్టులో ఇడాహో, మోంటానా ప్రాంతాల్లో రెండు రోజుల్లో సుమారు 30 లక్షల ఎకరాలు తగలబడ్డాయి. మరుసటి ఏడాది వీక్స్ చట్టం వచ్చి, అగ్నిరక్షణకు రాష్ట్రాలతో కేంద్రం ఖర్చు పంచుకోవడం మొదలైంది. 1965లో ఇడాహోలోని బోయిసీలో ఫారెస్ట్ సర్వీస్, ల్యాండ్ బ్యూరో, వాతావరణ విభాగం ఒకే కేంద్రం కింద పనిచేయసాగాయి. గాలి వాటాన్ని బట్టి సరిహద్దు దాటే మంటకు ఇది ఎప్పుడో జరగవలసిన పని.

ఇందరి పెత్తనం వల్ల నిర్ణయాలు నత్తనడక నడుస్తాయని విమర్శ ఉంది. నిజమే. కానీ పసిఫిక్ తీరంలో వందల ఏళ్ల నాటి చెట్లు మిగిలాయంటే ఆ జాప్యమే కారణమని నా నమ్మకం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప అమ్మకంలో మునిగిపోయిన ఫారెస్ట్ సర్వీస్ తనంతట తాను ఆగేది కాదు. 1990లో ఇంటీరియర్ శాఖలోని ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అక్కడి మచ్చల గుడ్లగూబను ప్రమాదంలో ఉన్న జీవిగా ప్రకటించింది. 1991లో న్యాయమూర్తి విలియం డ్వయర్ దాని ఆవాసాల్లో కలప అమ్మకాలు నిలిపివేశారు. దాంతో ఫారెస్ట్ సర్వీస్, ల్యాండ్ బ్యూరో కలిసి కూర్చోక తప్పలేదు. వాషింగ్టన్, ఒరెగాన్, ఉత్తర కాలిఫోర్నియాల్లో దాదాపు 2.4 కోట్ల ఎకరాలకు రెండింటికీ ఒకే ప్రణాళిక 1994లో అమల్లోకి వచ్చింది.