చెర్కెస్ భాషల మూలరూపము

కాకసస్ పర్వతముల వాయవ్య సానువులందును, నల్లసముద్ర తీరమందును నివసించిన జాతిని ఇతరులు చెర్కెస్సులనిరి. వారు తమ్ము తాము అదిగెలని చెప్పుకొందురు. వారి భాషకు నేడు రెండు సాహిత్యరూపములు కలవు: పశ్చిమమున అదిగె, తూర్పున కబర్దియన్. ఈ రెంటికిని పూర్వమొక మూలభాష యుండవలెను. దానిలో శాసనము లేదు, వ్రాతప్రతి లేదు, ఒక్క పంక్తియైనను మిగులలేదు. 17వ శతాబ్దిలో తురుష్క యాత్రికుడు ఎవ్లియా చెలెబీ కొన్ని చెర్కెస్ మాటలను తన గ్రంథమున కెక్కించెను. ఉమర్ బెర్సేయ్ కూర్చిన వాచకము 1855లో తిఫ్లిస్ నగరమున వెలువడెను. అంతకు ముందున్నదంతయు దాదాపుగా నోటిమాటయే. అయినను ఆ మూలభాష ధ్వనులను నేడు చాలవరకు నిశ్చయముగా చెప్పవచ్చును.

ఎట్లు చెప్పవచ్చునో తెలియుటకు నాలుగు మాటలు చాలును. సూర్యునికి అదిగెలో తకారముతోను, కబర్దియన్‌లో దకారముతోను మొదలగు మాట యున్నది. తెలుగు లిపిలో ఉజ్జాయింపుగా ‘తిగ’, ‘దిగ’ అని వ్రాయవచ్చును. బంగారమునకు రెండింటను దకారమే. ఇచ్చుట యను ధాతువునకు రెండింటను తకారమే. రెండు అను సంఖ్యకు రెండింటను మరియొక విధమైన తకారము: గొంతు బిగించి, లోని ఊపిరి నాపి, నోట నిలిచిన గాలితోనే పటుక్కున విడుచునది. మొదటి జంటయే చిక్కు. అదిగెలో సూర్యునిలోని తకారమును, ఇచ్చుటలోని తకారమును ఒక్కటియే. కబర్దియన్‌లో అవి వేరు. ఆ మూలమున ఒకే తకార ముండెననినచో, కబర్దియన్‌లో అది ఒకచోట ద యై, మరియొకచోట మారక నిలుచుటకు కారణము చూపవలెను. పరిసరధ్వనులలో అట్టి కారణ మేదియు కానరాదు. సూర్యునిలోని ద యే మూలమనుటయు కుదరదు. అట్లైనచో బంగారమునందలి ద అదిగెలో ఏల త కాలేదు? కావున మూలభాషలో ఈ స్థానమున రెండు కాదు, మూడు కాదు, నాలుగు ధ్వనులు ఉండి తీరవలెను.

తెలుగువారికి ఈ వ్యవస్థ దుర్గ్రాహ్యము కాదు. ద, త, థ అను భేదము తెలుగు వర్ణమాలలోనే కలదు. నాలుగవదియైన బిగింపు తకారమునకు మాత్రమే అక్షరము లేదు. మూలభాషలో సూర్యుని మాటకు మొదట ఊపిరి లేని త. ఇచ్చుటకు ఊపిరి గల థ. పశ్చిమమున తెమిర్గోయ్ మాండలికము ఆ రెంటిని కలిపివేసెను. తూర్పున కబర్దియన్ ఊపిరి లేని త ను నాదముగా మార్చి ద తో కలిపెను. రెక్క యను మాట అట ‘తమ’, ఇట ‘దమ’. దృఢమను మాట అట ‘పిత’, ఇట ‘బిద’. తల్లి ఆస్తిలో ఇరువురు బిడ్డలును చెరియొక భాగమును పోగొట్టుకొనిరి. పోగొట్టుకొన్నది మాత్రము ఒక్కటి కాదు.

ఇది కేవలము తర్కము కాదు. బ్జెదుగ్, షాప్సుగ్ అను పశ్చిమ మాండలికములు ఆ నాలుగు ధ్వనులను విడివిడిగా నిలుపుకొన్నవి. డచ్చి పండితుడు ఆర్ట్ కైపర్స్ 1963లో మూలభాష ధ్వనులపై వ్యాసమును, 1975లో దాని ధాతువుల నిఘంటువును ప్రకటించెను. ఆ నిర్మాణమునకు ఈ మాండలికములే ప్రబల సాక్షులు.

ఫకారముల కథ మరింత వింతయైనది. పై పంటితో క్రింది పెదవిని తాకి పలుకు ఫ అదిగెలోను కలదు, కబర్దియన్‌లోను కలదు. కాని వానికి చుట్టరికము లేదు. మనిషి అదిగెలో ‘త్సిఫి’, కబర్దియన్‌లో ‘త్సిఖు’: పెదవులు గుండ్రముగా చుట్టి పలికిన ఖకారము వంటి ధ్వని పశ్చిమమున ఫ అయినది. భార్య అదిగెలో ‘ష్విజి’, కబర్దియన్‌లో ‘ఫిజ్’: ఇచట పెదవులు చుట్టిన షకారము తూర్పున ఫ అయినది. నక్షత్రము అదిగెలో ‘ఝ్వాగ్వ’, కబర్దియన్‌లో ‘వాగ్వ’. నాదధ్వనికిని అదే గతి. పోలిక చూచి బంధుత్వము నిర్ణయించువారు ఇచట తప్పక మోసపోవుదురు.

కన్నడమున ‘కివి’, తెలుగున ‘చెవి’ యైనట్లు, చెర్కెస్ భాషలలోను తాలవ్యమైన కకారము చకారమైనది. కోడిని షాప్సుగ్‌లో ‘క్యెతి’ యందురు, తెమిర్గోయ్‌లో ‘చెతి’, కబర్దియన్‌లో ‘జెద్’. ఈ చిన్న మాటలో రెండు మార్పులును కనబడుచున్నవి. కబర్దియన్ లిపిలో నేటికిని బిగింపు కకారమునకు తగిన గుర్తును వ్రాసి బిగింపు చకారముగా చదువుదురు. పలుకు మరచినదానిని వ్రాత మరువలేదు.

ఈ సాక్షులకు పట్టిన గతి చరిత్ర పుటలలో వేరుగా చెప్పబడును. భాషాశాస్త్రమున అది అడుగునపడి యుండును. 1864లో రష్యా సామ్రాజ్యముతో యుద్ధము ముగియగనే చెర్కెస్సులు లక్షలాదిగా ఒట్టోమాన్ రాజ్యమునకు వెడలగొట్టబడిరి. సముద్రతీరవాసులైన షాప్సుగులలో స్వదేశమున మిగిలినవారు స్వల్పము. ఉబిఖ్ అను సోదరభాష మాట్లాడువారు దాదాపు అందరును పోయిరి. ఎనుబదికి పైగా హల్లులు గల ఆ భాషను చక్కగా నెరిగిన తుది మనిషి తెవ్ఫిక్ ఎసెంచ్ 1992లో టర్కీ దేశమున మరణించెను; ఫ్రెంచి పండితుడు జార్జ్ దుమెజిల్ ఆయన నోటినుండి దానిని వ్రాసికొనెను.

సోవియట్ కాలమున రెండు వ్రాతభాషలు ఏర్పడినవి. 1920లలో లాటిన్ లిపియు, 1930ల ఉత్తరార్ధమున సిరిలిక్ లిపియు వచ్చెను. అదిగెకు తెమిర్గోయ్, కబర్దియన్‌కు బక్సాన్ మాండలికము ఆధారములైనవి. నాలుగు ధ్వనులను నిలిపిన మాండలికములు రెండును ప్రామాణికములు కాలేదు. ఎన్నికకు అప్పటి కారణములు అప్పటివి. ఫలితము మాత్రము ఇది: బ్జెదుగ్ ఇంట పుట్టిన బాలుడు ఊపిరి లేని త ను, ఊపిరి గల థ ను తల్లి నోట వేరుగా విని, పాఠశాలలో రెంటికిని ఒకే అక్షరము నేర్చును. ఇజ్రాయెల్‌లోని కఫర్ కామా గ్రామమున షాప్సుగ్ సంతతివారున్నారు. అచ్చటి బడిలోను వ్రాతకు నేర్పునది ప్రామాణిక అదిగెయే. ‘క్యెతి’ అను మాట పుస్తకములో నుండదు, ఇండ్లలో వినవలసినదే.