పావు అణాకి ఒక చుక్క

కాలవ కట్ట మీద నుంచి ముందు గొంతు వినబడింది, తర్వాత మనిషి కనబడింది.

“పచ్చబొట్లు పొడుస్తామమ్మో... పచ్చబొట్లూ...”

1906 ప్రాంతం. కృష్ణా డెల్టాలో ఒక ఊరు. బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి అప్పటికి యాభై ఏళ్లు దాటింది. కాలవ పారినంత మేరా వరే. కుప్పలు నూర్చారు, గాదెలు నిండాయి. ఎరుకల స్త్రీ ఊళ్లోకి రావడానికి ఇంతకంటే అదను లేదు. పట్నంలో అయితే ఆమె కూలి డబ్బుల్లో ముడుతుంది, పల్లెలో గింజల్లో.

నెత్తిన బుట్ట దించి వీధరుగు కింద కూచుంది. అరుగు మీద కూచోదు, కూచోనివ్వరు.

“ఏమే, ఎంత తీసుకుంటావు?” అంది ఆ ఇంటి ముసలమ్మ.

“చుక్కయితే ఒక లెక్క, తేలయితే ఒక లెక్క, తులసికోటయితే ఒక లెక్క. నీ చేతికి ఎంతొస్తే అంత పెట్టు తల్లీ.”

ఇంటి పిల్లకి పదేళ్లు. బేరం చెవిన పడగానే గాదె వెనక్కి పోయి దాక్కుంది. తల్లి చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చింది. “పెళ్లి కుదిరేలోపు పొడిపించెయ్యాలి, అత్తారింట్లో వేలెత్తి చూపిస్తారు” అని ఆమె తొందర. ముసలమ్మది ఇంకో మాట: “పోయేటప్పుడు ఒంటి మీద బంగారం ఒలుచుకుంటారే పిచ్చిదానా. మనతో వచ్చేది ఇదొక్కటే.” పదేళ్ల పిల్లకి చావు సంగతి చెప్పి ధైర్యం చెప్పడం ఆ కాలపు పెద్దలకే చెల్లింది.

ఈ ఇంటినీ ఈ మనుషులనూ ఊహించి కట్టాను. కింద వచ్చే పని వివరాలు మాత్రం కాగితం మీద ఉన్నవి. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్స్టన్ 1906లో దక్షిణ భారత జనజీవితం మీద వేసిన పుస్తకంలో పచ్చబొట్టు గురించి ఓపిగ్గా రాశాడు. తమిళ సీమలో కొరవలు, మన సీమలో ఎరుకలు ఒకే జనమని ఆయన లెక్క. ఆ ఆడవాళ్ల చేతిలో పనులు మూడు: సోది చెప్పడం, బుట్టలు అల్లడం, పచ్చబొట్టు పొడవడం.

బుట్టలోంచి ఆమె తీసిన చిన్న కుండపెంకులో మసి ఉంది. అది వంటింటి మసి కాదు. పసుపూ అవిసె ఆకూ కలిపి నూరి, ఆ ముద్దని పల్చటి గుడ్డ మీద పరిచి, గుడ్డని చుట్టి వత్తి చేసి, ఆముదం పోసిన ప్రమిదలో వెలిగిస్తారు. పైన కొత్త కుండ బోర్లిస్తారు. కుండ లోపలి గోడకి పట్టిన మసిని గీకి తీసి, నీళ్లలోనో, చనుబాలలోనో కలుపుతారు. వాడిన కుండ అయితే పాత జిడ్డు మసిలో కలుస్తుంది, అందుకే కొత్తది.

ముందు బొమ్మ గీసింది. పిల్ల ముంజేతి మీద సన్నటి గీత, దానికి అటూ ఇటూ చుక్కలు. తర్వాత దారంతో కలిపి కట్టిన సూదులు తీసింది. “ఆ కోడిపెట్ట ఎటు పోతోందో చూడమ్మా” అంటూ మొదటి పోటు పొడిచింది. పిల్ల కెవ్వుమంది. ఇద్దరు ఆడవాళ్లు భుజాలు పట్టుకున్నారు. ఎరుకలామె పాట ఎత్తుకుంది. నొప్పి మరిపించడానికి పాడే ఆ పాటలు కూడా ఆ పనిలో భాగమే. పాట లయ మీద సూది లేస్తోంది, పడుతోంది. నెత్తురు చెమర్చిన చోట చన్నీళ్లు పోసి కడిగి, మసి రుద్ది, వాపు రాకుండా చివర్న చిటికెడు పసుపు అద్దింది.

మామూలు చుక్కకో గీతకో పావు అణా, పనితనం ఉన్న బొమ్మకి పన్నెండు అణాల దాకా అని థర్స్టన్ ధరలు కూడా రాసిపెట్టాడు. మన కథలో ముసలమ్మ చేటలో బియ్యం తెచ్చి, ముట్టుకోకుండా పైనుంచి కొంగులో పోసింది. ఒంటి మీద చెయ్యి వేసి, తొడ మీద ముంజేయి పెట్టుకుని, నెత్తురు తుడిచిన మనిషిని కూలి ఇచ్చేటప్పుడు మాత్రం ముట్టుకోలేదు.

పిల్ల కథ ఇక్కడికి చాలు. మానుతుంది, పెళ్లవుతుంది. నాకు ఆసక్తి సూది పట్టిన చెయ్యి మీద.

ఎరుకలవాళ్లు మొదట్నుంచీ పచ్చబొట్ల మీదే బతికినవాళ్లు కాదు. ఎడ్లూ గాడిదలూ తోలుకుని తీరం నుంచి ఉప్పు ఎత్తి మెట్టసీమకి మోసేవారు, వచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవారు. ఆడవాళ్లు దారిలో బుట్టలు అమ్మేవారు, సోది చెప్పేవారు. ఉప్పు మీద కుంఫిణీ నాటి నుంచీ ఉన్న సర్కారు పట్టు 1880ల్లో ఇంకా బిగిసింది. రైలు వచ్చింది, 1890ల్లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెనా వచ్చింది. గాడిద వీపు మీది ఉప్పు రైలు పెట్టెతో ఎక్కడ పోటీ పడుతుంది? దారులు ఎండిపోయాయి, తిరిగే జనం మాత్రం మిగిలారు. తిరిగేవాడిని చూస్తే పోలీసుకి అనుమానం.

ఉత్తరాదిన 1871 నుంచీ ఉన్న నేర జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ప్రభుత్వం ఒక జాతి పేరు గెజిట్లో వేస్తే చాలు, ఆ జాతిలో పుట్టినవాడు నేరం చేసినా చెయ్యకపోయినా పట్టీలోకి ఎక్కుతాడు. హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. నమోదైన వాళ్ల వేలిముద్రలు తీసుకునే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. ఊరి పిల్లల చేతుల మీద మసి గుచ్చిన మనిషి ఇంట్లోవాళ్ల వేళ్లకి సర్కారు సిరా అంటించింది. మసి అద్దినందుకు ఆమెకి గింజలు ముట్టాయి. సిరా అంటించుకున్నందుకు ఆ ఇంటికి మిగిలింది కాపలా.

ఆ కాపలాకి చోటు ఎక్కడో కాదు. బెజవాడకి ఎదురుగా, నది అవతలి ఒడ్డున సీతానగరం. ఇవాళ ప్రకాశం బ్యారేజీ దాటగానే వచ్చే కొండ కింది ఊరే. 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ అక్కడ ఎరుకలవాళ్ల కోసం సెటిల్‌మెంటు నడిపింది. బాపట్ల దగ్గర ఇంకొకటి, దానికి మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. స్టువర్టుపురం. కట్ట మీద నడుస్తూ గొంతెత్తి పిలిచే మనిషి కట్ట ఎక్కాలంటే ఒకరిని అడగాల్సి వచ్చింది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. మచ్చ మాత్రం పోలేదు. 1991లో ఒక సినిమా, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’, మనకి స్టువర్టుపురం అంటే ఇప్పటికీ దొంగల కథే. ఆ ఊరి ముత్తవ్వలు డెల్టా ఆడవాళ్ల ముంజేతుల మీద గీసిన గీతల మీద ఎవరూ సినిమా తియ్యలేదు. ‘బాహుబలి’లో అవంతికకి తెలియకుండా శివుడు చేతి మీద బొమ్మ వేస్తే మాత్రం ఊళ్లకి ఊళ్లు చూశాయి.

ఇక ఇప్పటి కథ. ఇందులో అమ్మాయి ఒక్కరు కాదు, విజయవాడలో మొదటి టాటూకి వెళ్లేవాళ్లు చాలామందిని కలిపి ఒకరిగా చేశాను. ఊరు ఉయ్యూరు అవతల అనుకోండి, ఉద్యోగం బెంజ్ సర్కిల్ దగ్గర అనుకోండి.

ఆమెకి కావలసిన బొమ్మ ఫోన్లో దొరకలేదు, నాయనమ్మ చేతి మీద దొరికింది. గీత, అటూ ఇటూ చుక్కలు. చర్మం ముడతలు పడ్డాక గీత వంకర పోయింది, చుక్కలు అలుక్కుపోయి ఆకుపచ్చ నీడల్లా మిగిలాయి. అమ్మాయి ఆ చేతిని కిటికీ వెలుతురులో పెట్టి ఫొటో తీసుకుంది.

ఇంట్లో గొడవ రెండు రోజులు నడిచింది. నాన్న ఒకటే మాట: “రేపు సంబంధాలవాళ్లు వస్తే ఏం చెప్పమంటావు?” నూటిరవై ఏళ్ల కింద పచ్చబొట్టు లేకపోతే అత్తారు వేలెత్తి చూపేవారు, ఇప్పుడు ఉంటే చూపుతారట. అమ్మ ఫోను తెచ్చి చూపించింది. తొలి సినిమా ‘ఏ మాయ చేసావే’ గుర్తుగా వీపు మీద అక్షరాలు పొడిపించుకున్న సమంతే 2022లో, టాటూ జోలికి పోవద్దని ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పింది. అన్నయ్య మాత్రం పనికొచ్చే సంగతి చెప్పాడు: “మోచేతికీ మణికట్టుకీ మధ్య లోపలి వైపు వేయించుకో. ఆర్మీవాళ్లు కూడా ఒప్పుకునే చోటు అది.” ఆర్మీకి ఆమె వెళ్లేది లేదు గానీ, చోటు మాత్రం అక్కడే ఖాయమైంది.

మహాత్మాగాంధీ రోడ్డు పక్క సందులో, మెట్లెక్కితే స్టూడియో. ఆర్టిస్టు కుర్రాడు ముందు సూది పట్టలేదు, ప్రశ్నలు పట్టాడు. షుగరుందా? నెత్తురు పల్చబడే మందులేమైనా వాడుతున్నారా? నిన్న రాత్రి నిద్రపోయారా? పొద్దున ఏం తిన్నారు?

“ఏం తిన్లేదండీ. భయమేసింది.”

“అయితే కిందకెళ్లి రెండిడ్లీ తినిరండి. ఖాళీ కడుపుతో కూచుంటే కళ్లు తిరుగుతాయి.”

తిని వచ్చింది. తనకంటే ముందు వచ్చినతన్ని కుర్రాడు వెనక్కి పంపేస్తున్నాడు. వచ్చే వారం భవానీ మాల వేసుకుంటాడట. “దీక్షంటే రోజూ తలస్నానం, నదిలో మునకలు. పచ్చి పుండుతో కృష్ణలో దిగుతారా అన్నా? మాల తీశాక రండి.” వచ్చిన గిరాకీని అలా పంపినవాణ్ని చూశాక అమ్మాయికి సగం భయం పోయింది. నన్నడిగితే స్టూడియోకి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. గోడ మీద బొమ్మలు ఎవరైనా అంటిస్తారు.

పద్దెనిమిదేళ్లు నిండినట్టు కార్డు చూపించి, కాగితం మీద సంతకం పెట్టింది. కుర్రాడు చేతులు కడుక్కుని గ్లోవ్స్ వేసుకున్నాడు. నీడిల్ ప్యాకెట్టు ఆమె కళ్ల ముందే చింపాడు. ఇంకుని చిన్న మూతలోకి వంచాడు, మిగిలితే మళ్లీ సీసాలో పొయ్యడు. ఒకరి నెత్తురు ఇంకొకరికి అంటితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి దాకా పోవచ్చు. పాత సూదుల కాలంలో ఆ భయం ఉందని కూడా ఎవరికీ తెలియదు. స్టెన్సిల్ అంటించి తీస్తే ఊదారంగు గీత దిగింది. “అద్దంలో చూసుకోండి. ఇప్పుడైతే తుడిచెయ్యొచ్చు.”

చూసుకుంది. అర అంగుళం పైకి జరపమంది. తుడిచి, మళ్లీ అంటించాడు.

మెషిన్ ఆన్ అయింది. కాగితాల నకళ్లు తీసే కరెంటు కలానికి ఎడిసన్ 1876లో పేటెంటు తీసుకుంటే, ఆ దారినే పోయి న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ 1891లో టాటూ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంటే మన పిల్ల గాదె వెనక దాక్కునే నాటికే ఆ యంత్రానికి పదిహేనేళ్లు. సూది చర్మంలోకి మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో దిగుతుంది. అంతకంటే పైన ఆగితే రంగు రాలిపోతుంది, మరీ లోతుకి పోతే అలుక్కుపోతుంది. కింద పడిన రంగుని ఒంటి కాపలా కణాలు శత్రువనుకుని మింగి కూచుంటాయి. అవి చచ్చిపోతే వదిలిన రంగుని పక్క కణాలు అందుకుంటాయని ఫ్రాన్సు పరిశోధకులు 2018లో ఎలుకల మీద చూపించారు. ఒళ్లు దాన్ని బయటికి నెట్టలేదు, లోపల అరిగించుకోనూలేదు. బొమ్మ అందుకే నిలుస్తుంది.

మోచేతి వైపు ఫరవాలేదు, చీమలు పాకినట్టుంది. మణికట్టు దగ్గరికొచ్చేసరికి పళ్లు బిగబట్టింది. కుర్రాడు పాట పాడలేదు. చెవిలో పెట్టుకోమని ఇయర్‌ఫోన్సు ఇచ్చాడు.

గంటలోపే అయిపోయింది. జాగ్రత్తలు చెప్పాడు: రెండు మూడు వారాలు నీళ్లలో నానబెట్టొద్దు, ఎండ తగలనివ్వొద్దు, పొట్టు లేస్తే గిల్లొద్దు, సబ్బూ నీళ్లతో కడిగి పల్చగా క్రీము రాయాలి. “ఏడాది పాటు రక్తదానం కూడా చెయ్యలేరు. ఆఫీసులో క్యాంపు పెడితే ముందే చెప్పండి.”

ఆదివారం ఊరెళ్లింది. నాయనమ్మ చెయ్యి లాక్కుని చూసి, ఇంత పసుపు తెచ్చి అద్దబోయింది.

“వద్దు నాయనమ్మా, ఏమీ పెట్టొద్దన్నాడు!”

“పసుపు పెట్టకుండా ఎలా మానుతుందే? నాకు అదే పెట్టారు.”

“నిన్ను ఎవరు పొడిపించుకోమన్నారు?”

“నన్నెవరు అడిగారే? మా మేనత్తలు ఇద్దరు పట్టుకున్నారు, ఆవిడ పొడిచింది.” నాయనమ్మ నవ్వింది. “గొంతు బాగుండేది. ఏడుస్తా ఏడుస్తానే పాట విన్నాను. ఏటా నూర్పుళ్లయ్యాక వచ్చేది. బుట్ట కూడా ఆవిడ దగ్గరే కొనేవాళ్లం.”

“పేరేంటి?”

“పేరా? ఎరుకలమ్మ అనేవాళ్లం.”

“అది కులం నాయనమ్మా. పేరు?”

ముసలామె కాసేపు ఆలోచించింది. ఇరవై ఏళ్లు ఆ ఇంటికి వచ్చి, ఆ ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ల చేతులు పట్టుకున్న మనిషి. “ఎవరూ అడగలేదేమోనే” అంది.

అమ్మాయి ఫోను తీసి తాను పెట్టిన ఫొటో చూపించింది. చేతి కింద కుర్రాడి పేరు, స్టూడియో పేరు, ఎవరైనా నొక్కితే తిన్నగా అతని దగ్గరికే పోయేట్టు.

“ఎంత తీసుకున్నాడు?”

అంగుళాల లెక్కన అయిన మొత్తం చెప్పింది.

నాయనమ్మ నోరు నొక్కుకుంది. “అంత డబ్బే! అందులో సగమిస్తే ఆవిడ మా వీధి వీధంతా పొడిచి, చేటలు కూడా అల్లిచ్చి పోయేది.”