కృష్ణానగర్ చెప్పుకోని మద్రాసు

కృష్ణానగర్‌లో ఏ టీ బడ్డీ దగ్గరైనా పెద్ద వయసు జూనియర్ ఆర్టిస్టును కదిపి చూడండి. మాట మద్రాసు మీదికి పోతుంది. కోడంబాకం, పాండీ బజారు, పానగల్ పార్కు బెంచీలు, వాహినీ స్టూడియో గేటు. ఇండస్ట్రీ హైదరాబాదుకు తరలివచ్చి దశాబ్దాలైనా ఆ పురాణం ఆగలేదు. చివరికి "మనవాళ్లు మద్రాసును ఏలారు" అంటారు.

ఏలిన ఆ మనవాళ్లెవరు? అదే ఊళ్లో, అదే కాలంలో, తెల్లారకముందే తెలుగు మాట్లాడుకుంటూ వీధులు ఊడ్చినవాళ్లు, నెత్తిన మలం మోసినవాళ్లు మనవాళ్లు కారా? నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి బతకడానికి పోయిన మాదిగలు వాళ్లు. అక్కడ అరుంధతీయులన్నారు, ఆది ఆంధ్రులన్నారు. సినిమా వాళ్ల ఆత్మకథల్లో వాళ్లకు చోటు లేదు. అందుకే మొన్న శనివారం ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని, మెరీనా జోలికి పోకుండా మద్రాసులో ఒక పగలంతా తిరిగొచ్చాను. మీరూ వెళ్లొచ్చు. పొద్దున సెంట్రల్‌లో దిగితే రాత్రి రైలుకు మళ్లీ అక్కడికే చేరుకోవచ్చు.

ముందు పెరంబూరు వైపు బిన్నీ మిల్లు. అసలు పేర్లు బకింగ్‌హామ్ మిల్లు, కర్నాటిక్ మిల్లు. 1996లో మూతపడింది. కొంత స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. మూతపడ్డాక పాత షెడ్లు సినిమా షూటింగులకు అద్దెకు పోయాయి. విలన్ల డెన్‌లు, క్లైమాక్స్ ఫైట్లు ఆ గోడల మధ్యే. మీరు ఆ గోడల్ని తెరమీద చూసే ఉంటారు, ఏ ఊరివో తెలియకుండా.

ఆ గోడల దగ్గర అసలు ఫైటు 1921లో జరిగింది. మన దేశంలో తొలి ఆధునిక కార్మిక సంఘమని చెప్పుకునే మద్రాస్ లేబర్ యూనియన్ 1918లో పుట్టింది ఈ మిల్లు కార్మికులతోనే. మూడేళ్లకు సమ్మె. సవర్ణ కార్మికులు బయటికొచ్చారు, ఆది ద్రావిడుల్లో ఎక్కువమంది పనిలోకి పోయారు. పక్కనే ఉన్న పులియంతోపులో దళితుల గుడిసెలు తగలబడ్డాయి. తర్వాత పోలీసు కాల్పులు, చావులు. కార్మికోద్యమ చరిత్రల్లో దీన్ని సాధారణంగా ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: దళితులు సమ్మె విరిచారు. దీన్ని నేను ఒప్పుకోను. గేటు బయట అంటరానివాడిగా చూసినవాడు గేటు దగ్గర కామ్రేడ్ అని పిలిస్తే నమ్మడానికి మూడేళ్లు సరిపోవు. కూలి ఆగిపోతే సవర్ణుడికి ఊళ్లో ఎంతోకొంత ఆసరా దొరుకుతుంది. పులియంతోపు గుడిసె వాడికి ఏముంది? మేనేజ్‌మెంట్ ఈ చీలికను వాడుకుంది, నిజమే. చీలికను పుట్టించింది మాత్రం మేనేజ్‌మెంట్ కాదు.

అప్పుడు అధికారంలో ఉన్నది బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీ. ఆ పార్టీ పెద్దలు గుడిసెలు కాలినవాళ్ల వైపు నిలబడలేదు సరికదా, ప్రభుత్వం ఆది ద్రావిడులను గారాబం చేస్తోందని నింద వేశారు. ఎం.సి. రాజా 1923లో ఆ పార్టీ వదిలి బయటికొచ్చేశారు. ఆ పార్టీ అగ్రనాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడు. ఆయన పేరే త్యాగరాయనగర్, మన సినిమా వాళ్ల టీ నగర్. అప్పటి ముఖ్యమంత్రి పానగల్ రాజా కూడా తెలుగువాడే. వేషాల కోసం మనవాళ్లు కూర్చున్న పార్కు బెంచీల వెనక ఇంత కథ ఉంది.

అక్కణ్ణుంచి చింతాద్రిపేట చేరి ఎమ్మార్టీఎస్ రైలెక్కండి. చేపాక్ దాటాక కిటికీలోంచి కిందికి చూస్తే నల్లటి మురుగు. అదే బకింగ్‌హామ్ కాలువ. మన పెద్దగంజాం నుంచి తమిళనాడు మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. ఒకప్పుడు కోస్తా బియ్యం, కట్టెలు, ఉప్పు పడవల మీద ఈ దారినే మద్రాసు చేరేవి. నగరం మధ్య భాగాన్ని 1877-78లో తవ్వింది కరువు కూలీలు. ధాత కరువు మన నోళ్లలో ఇంకా ఉంది. లక్షల మంది పోయారు. ఆ కరువులోనే, 1877 మొదట్లో, సర్ రిచర్డ్ టెంపుల్ మగ కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. కాలువకు పేరేమో గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువుది. తవ్వినవాళ్ల పేరు ఏ రాయి మీదా నాకు కనిపించలేదు.

తిరువాన్మియూర్‌లో దిగి ఆటోలో బిసెంట్ నగర్ వెళ్లాం. అక్కడుంది ఆల్కాట్ స్మారక పాఠశాల. పంచముల పిల్లల కోసం కల్నల్ ఆల్కాట్ 1894లో పెట్టిన ఉచిత బడి నుంచి పెరిగింది. అయోతీ దాస్ పండితర్ ఈ ఆల్కాట్‌తోనే 1898లో సిలోన్ వెళ్లి పంచశీల తీసుకుని, తిరిగొచ్చి రాయపేటలో శాక్య బౌద్ధ సంఘం పెట్టారు. ఆ సంఘంలో తిరిగిన పోకల లక్ష్మీనరసు పేరు నా విద్యార్థులు అప్పుడే మొదటిసారి విన్నారు. ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది మనవాడని. సైన్సు ప్రొఫెసర్. 1907లో ఇంగ్లీషులో ఆయన రాసిన బౌద్ధ గ్రంథాన్ని బాబాసాహెబ్ 1948లో ముందుమాట రాసి మళ్లీ అచ్చు వేయించారు. తెలుగు ఎం.ఏ.లో నేనూ ఈ పేరు చదవలేదు, ఏ సిలబస్‌లోనూ లేదు.

ఆ బడి ఉన్న పేటకు మాత్రం అనీ బిసెంట్ పేరు. పంచముల పిల్లలను మిగతా పిల్లల పక్కన కూర్చోబెట్టొద్దు, ముందు వాళ్లకు శుభ్రత నేర్పాలి అని 1909లో వ్యాసం రాసింది ఈమే. కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో బాబాసాహెబ్ ఆ వ్యాసాన్ని బయటపెట్టారు.

సాయంత్రం రైలుకు ఇంకా టైముంది. సెంట్రల్ పక్కనే తెల్లటి రిప్పన్ బిల్డింగ్, కార్పొరేషన్ ఆఫీసు. 2025 ఆగస్టు 1 నుంచి దీని ముందు ఫుట్‌పాత్ మీద పారిశుద్ధ్య కార్మికులు కూర్చున్నారు. తమ పనిని ప్రైవేటు కంపెనీకి ఇవ్వొద్దని, ఎక్కువమంది ఆడవాళ్లే. 13వ తేదీ రాత్రి పోలీసులు ఎత్తుకెళ్లి బస్సుల్లో ఎక్కించారు. గొడవ రెండు జోన్ల మీద. ఒకటి రాయపురం. రెండోది పెరంబూరు, పులియంతోపు వైపుది. దాని పేరు తిరు.వి.క. నగర్. 1921లో బిన్నీ మిల్లు సమ్మెను నడిపిన యూనియన్ నాయకుడి పేరు అది.