ఇంకో కాయనాత్ ఉందా? ఇమామ్ రాజీ నుంచి కంది దాకా

పోయిన రంజాన్‌లో తరావీహ్ నమాజ్ అయ్యాక పటాన్‌చెరులో ఒక చాయ్ హోటల్ ముందు నిలబడి ఉన్నాను. మా గల్లీ కుర్రాడొకడు ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. వాడికి ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్ట్. కంపెనీ బస్ కోసం చూస్తున్నాడు. ఫోన్‌లో ఒక వాట్సాప్ మెసేజ్. ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ ఎనిమిది వందల ఏళ్ల కిందటే మల్టీవర్స్ కనిపెట్టారట, యూరప్ వాళ్లు దాన్ని దొంగిలించారట, దీన్ని పది మందికి పంపనివాడికి ఈమాన్ లేదట.

"చాచా, ఇది సచ్చేనా?" అన్నాడు.

"సగం సచ్, సగం ఝూట్ బేటా" అన్నాను. ఏ సగం ఏదో చెప్పేలోగా బస్ వచ్చేసింది. ఆ బాకీ తీర్చడానికే ఇది రాస్తున్నాను. వాడొక్కడికే కాదు, ఆ మెసేజ్ నాకు తర్వాత మరో మూడు గ్రూపుల్లో వచ్చింది.

ముందు రాజీ ఎవరో చూద్దాం. ఇరాన్‌లోని రయ్ పట్నంలో 12వ శతాబ్దం మధ్యలో పుట్టి, 1210లో హెరాత్‌లో వఫాత్ అయిన ఆలిమ్. గోరీ సుల్తానుల దర్బారులో ఆయనకు ఇజ్జత్ ఉండేది. ఎక్కడికి పోయినా బహస్ పెట్టుకునే మనిషి. తన వాదన కంటే ఎదుటివాడి వాదననే గట్టిగా వినిపిస్తాడని, దానికి ఇచ్చే జవాబు మాత్రం పలచగా ఉంటుందని ఆయన మీద ఒక షికాయత్ కూడా ఉంది. నాకు ఆయన నచ్చేదే అందుకు.

ఆయన రాసిన పెద్ద తఫ్సీర్ పేరు 'మఫాతీహుల్ గైబ్'. అందులో సూరె ఫాతిహా దగ్గర ఒక్క మాట పట్టుకుని ఆయన చాలా దూరం పోతారు. రోజుకు ఐదు పూటలా నమాజ్‌లో మనం పలికే మాటే అది: ఆలమీన్. ఆలమ్ అంటే లోకం, ఆలమీన్ బహువచనం. ఎన్ని లోకాలు? ఈ ప్రపంచం అవతల అంతులేని ఖాళీ ఉండటం సాధ్యమే, అల్లాహ్ ఖుద్రత్‌కు హద్దు లేదు కదా, మరి దీనికంటే పెద్దవైన వేలకు వేల ప్రపంచాలను ఆ ఖాళీలో సృష్టించలేడని ఎవరనగలరు అని రాజీ అడుగుతారు. ప్రపంచం ఒక్కటే ఉండాలని ఫల్సఫీలు చూపే దలీల్‌లు బలహీనమైనవని తేల్చేస్తారు. చివరి రోజుల్లో రాసిన 'మతాలిబుల్ ఆలియా'లోనూ ఇదే వాదన ఇంకా విస్తారంగా ఉంది.

మెసేజ్‌లోని సచ్ ఇంతవరకే. ఝూట్ ఎక్కడుందో తెలియాలంటే ఈ బహస్‌ను మొదటి నుంచి చూడాలి, ఎందుకంటే రాజీ దీన్ని మొదలుపెట్టలేదు.

మొదలుపెట్టింది అరస్తూ, మన పుస్తకాల్లోని అరిస్టాటిల్. మట్టి తన సహజ స్థానమైన కేంద్రం వైపు పడుతుంది, నిప్పు పైకి పోతుంది. రెండు ప్రపంచాలుంటే రెండు కేంద్రాలుండాలి. అప్పుడు మట్టి ఎటు పడాలి? కాబట్టి ప్రపంచం ఒక్కటే, అది ఎప్పటి నుంచో ఉంది, మొదలు లేదు. అరస్తూ మాట ఇది. క్రీస్తుశకం 1000కి కాస్త అటూ ఇటూగా ఖ్వారిజ్మ్‌కు చెందిన అల్ బీరూనీ ఈ వాదనను ప్రశ్నిస్తూ ఒక కుర్రాడికి ఉత్తరం రాశాడు. ఆ కుర్రాడు ఇబ్నె సీనా, అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండి ఉండవు. వేరే ప్రపంచాలు ఎందుకు ఉండకూడదు అని బీరూనీ సవాల్. ఇబ్నె సీనా అరస్తూ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. బీరూనీ ఆ జవాబులతో రాజీ పడలేదు, ఎదురు ప్రశ్నలు వేశాడు. మాటలు వేడెక్కాయి. చివరికి ఇబ్నె సీనా విసిగి, మిగిలిన జవాబులు తన షాగిర్ద్ చేత రాయించాడు. ఇద్దరూ నమాజీలే. ఒకరినొకరు కాఫిర్ అనుకోకుండానే కాయనాత్ ఒకటా రెండా అని పోట్లాడుకున్నారు.

తర్వాత ఇమామ్ గజాలీ. 1095లో వచ్చిన ఆయన 'తహాఫుతుల్ ఫలాసిఫా'లో మొట్టమొదటి మస్అలా ప్రపంచానికి మొదలు ఉందా లేదా అన్నదే. ఉంది అంటారాయన. దానికి ఆయన ఎంచుకున్న దారి చూడండి. ఆకాశం తూర్పు నుంచి పడమరకే ఎందుకు తిరగాలి, ఎదురు తిరిగితే వచ్చే నష్టమేంటి? ప్రపంచం ఇప్పుడున్న దానికంటే ఒక మూర పెద్దదో చిన్నదో ఎందుకు కాలేదు? ఇంకోలా ఉండగలిగినదే ఇలా ఉందంటే, ఇలా ఉండాలని ఎంచుకున్నవాడు ఉన్నాడని ఆయన దలీల్. ఎలక్ట్రాన్ చార్జ్ ఇంతే ఎందుకుంది, గ్రావిటీ బలం ఇంతే ఎందుకుంది అని నేటి ఫిజిక్స్ వాళ్లు అడిగే ప్రశ్న దీనికి దూరపు చుట్టం. దానికి వాళ్లలో కొందరి జవాబు: అన్ని రకాల యూనివర్స్‌లూ ఉన్నాయి, మనం బతకగలిగిన దాంట్లో మనం ఉన్నాం. ప్రశ్న దాదాపు ఒకటే. గజాలీ ఒక ఇరాదా దగ్గర ఆగారు, వీళ్లు ఒక గుంపు దగ్గర ఆగారు. గజాలీకి ఇబ్నె రుష్ద్ జవాబు రాశారు, అది వేరే కథ.

అదే కితాబ్ ముందుమాటలో గజాలీ చెప్పిన ఇంకో సంగతిని మా వాట్సాప్ మౌలానాలకు వినిపించాలని ఉంది. గ్రహణం ఎలా పడుతుందో లెక్క కట్టి చూపిన వాళ్లతో దీన్ పేరు మీద గొడవ పడొద్దంటారు. అలా గొడవ పడేవాడు దీన్‌కు చేసేది సాయం కాదు, నష్టం. లెక్క రుజువైనది కాబట్టి వినేవాడికి శక్ వచ్చేది లెక్క మీద కాదు, దీన్ మీద.

ఇప్పుడు రాజీ చేసిన పని ఏంటో తేటగా కనిపిస్తుంది. ఆయన ఇంకో ప్రపంచాన్ని కనిపెట్టలేదు. కనిపెట్టానని దావా కూడా చేయలేదు. ఆయన మాట ముమ్కిన్ వరకే, అంటే 'ఉండొచ్చు' వరకే. వాకె, అంటే 'ఉంది', అనలేదు. ఈ రెండు మాటల మధ్య గీత గీయడమే ఇల్మె కలాంలో సగం పని. మదర్సాలో చదివే పిల్లలకు ఈ ఫర్క్ ఇప్పటికీ నేర్పుతారు. మెసేజ్ రాసినవాడు ఆ గీతను చెరిపేసి ఆయనకు ఏదో షాన్ తెచ్చాననుకున్నాడు.

ఇదంతా మనకు చాలా దూరపు సంగతి అనుకుంటాం. కాదు. ఈ కితాబుల్లో చాలావాటిని మొదట అచ్చులోకి తెచ్చిన ఊళ్లలో హైదరాబాద్ ఒకటి. 1888లో ఇక్కడ మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ లోకమంతటా ఉన్న అరబీ రాతప్రతులను తెప్పించి, సరిపోల్చి, ముద్రించింది. రాజీ 'మబాహిసుల్ మష్రిఖియ్యా' హిజ్రీ 1343లో, అంటే 1924-25 ప్రాంతంలో, ఇక్కడే అచ్చయింది. బీరూనీ 'ఖానూనె మసూదీ' 1954-56 మధ్య మూడు సంపుటాలుగా వచ్చింది. కైరోలో, బెర్లిన్‌లో స్కాలర్లు రాజీ గురించి రాసేటప్పుడు కింద 'హైదరాబాద్' అని పేజీ నంబరు వేస్తారు. మనమేమో వాట్సాప్‌లో చదువుతున్నాం.

ఆ ప్రెస్ నుంచే 1954లో ఇంకో కితాబ్ వచ్చింది: అబ్దుర్రహ్మాన్ సూఫీ 964లో రాసిన 'సువరుల్ కవాకిబ్', సితారాల బొమ్మల పుస్తకం. అందులో ఆండ్రోమెడా రాశి దగ్గర చిన్న మబ్బు తునకలాంటిది ఉందని రాసి ఉంది. మనకు తెలిసినంతలో దాని గురించి దొరికిన మొదటి రాత అదే. వెయ్యేళ్ల దాకా అది మబ్బు తునకగానే ఉండిపోయింది. 1920 ఏప్రిల్ 26న వాషింగ్టన్‌లో ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు, షాప్లీ, కర్టిస్, దాని మీద బహస్‌కు కూర్చున్నారు. కాయనాత్ మొత్తం మన పాలపుంతే అన్నాడు షాప్లీ. కాదు, అలాంటి మబ్బులు ఒక్కొక్కటీ ఒక ద్వీప విశ్వం అన్నాడు కర్టిస్. నూరేళ్ల కిందట 'వేరే యూనివర్స్‌లు ఉన్నాయా' అంటే అర్థం ఇదే. 1923 అక్టోబరులో హబుల్ ఆండ్రోమెడాలో వెలుగు పెరిగి తగ్గే ఒక సితారాను పట్టుకుని దాని దూరం లెక్క కట్టాడు. అది మన పాలపుంతకు చాలా బయట ఉందని తేలింది. ఇప్పటి లెక్క ప్రకారం 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం. 'వేరే విశ్వం' అనే ముమ్కిన్ ఆ రోజు వాకె అయింది. వెంటనే పేరు కూడా మారిపోయింది. వాటిని గెలాక్సీలు అన్నారు, మనం కహ్‌కషాన్ అంటాం. యూనివర్స్ అనే మాట ఇంకా పెద్దదై వాటన్నిటినీ తనలో కలుపుకుంది.

ఆ రోజుల్లో మన రసద్‌గాహ్ కూడా ఖాళీగా లేదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి ఫిసల్‌బండలో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, ఆయన పోయాక 1908లో నిజాం సర్కార్ చేతికి వచ్చి బేగంపేటకు మారింది. ఆకాశం మొత్తాన్ని ముక్కలుగా పంచుకుని ఫోటోలు తీసే అంతర్జాతీయ పనిలో హైదరాబాద్‌కు ఒక పట్టీ దక్కింది. భాస్కరన్ వంటి డైరెక్టర్ల కింద ఏడున్నర లక్షలకు పైగా సితారాల స్థానాలు కొలిచి కేటలాగులు వేశారు. ఆ పని అయ్యాక ఉత్తరాన ఇంకో పట్టీ కూడా ఇచ్చారు, 36 నుంచి 39 డిగ్రీల వరకు. ఆండ్రోమెడా నడుమ భాగం 41 డిగ్రీల మీద ఉంటుంది. కొద్దిలో తప్పిపోయింది! పట్టీలో పడినా ఏమీ మారేది కాదులెండి, కానీ ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు చిన్న అఫ్సోస్.

కాయనాత్ మొదలు సంగతి కూడా దాదాపు అప్పుడే తిరిగి లేచింది. విశ్వం వ్యాపిస్తోందని 1927లో బెల్జియం పాదరీ జార్జ్ లెమైత్ర్ లెక్కల్లో చూపాడు, 1929లో హబుల్ కొలతలతో చూపాడు. వెనక్కి తిప్పితే అంతా ఒక్కచోటికి వస్తుంది. బిగ్ బ్యాంగ్ అనే పేరు మాత్రం దాన్ని నమ్మని ఫ్రెడ్ హోయిల్ 1949లో బీబీసీ రేడియోలో పెట్టాడు. 1965లో పెంజియాస్, విల్సన్ ఆ తొలి వేడి చల్లారగా మిగిలిన రేడియో వెలుగును పట్టుకున్నామని ప్రకటించారు. మన ఇళ్లలో ఈసీ టీవీలు ఉన్న రోజుల్లో ప్రోగ్రామ్ అయిపోయాక తెర మీద చుక్కలు ఎగిరేవి కదా, అందులో రవ్వంత ఆ వెలుగుదే. నేటి లెక్కకు విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు.

1951లో పోప్ ఇది తమ గ్రంథానికి రుజువు అన్నట్టు మాట్లాడాడు. లెమైత్ర్‌కు అది నచ్చలేదు. తన సిద్ధాంతం దీన్‌ను నిలబెట్టడానికీ కాదు, పడగొట్టడానికీ కాదు అన్నది ఆయన వైఖరి. ఒక పాదరీకి ఉన్న ఆ సబ్ర్ మనకు ఎందుకు లేదు? రేపు లెక్క మారితే మనం రుజువు అని చూపిన ఆయత్‌ను ఏం చేస్తాం?

ఇక మల్టీవర్స్. 1981లో అలన్ గూత్, విశ్వం పుట్టిన తొలి క్షణంలో విపరీతమైన వేగంతో ఉబ్బిందని ప్రతిపాదించాడు. ఆ ఉబ్బడం అన్నిచోట్లా ఒకేసారి ఆగదని, కొన్నిచోట్ల సాగుతూనే ఉండి కొత్త బుడగలు పుడుతుంటాయని విలెన్‌కిన్, లిండే అదే దశకంలో చూపారు. మనది అందులో ఒక బుడగ. పక్క బుడగ మనదానికి తగిలి ఉంటే ఆ తొలి వెలుగులో గుండ్రటి మచ్చ ఉండాలని వెతికారు కూడా. నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. పరీక్షించలేనిదాన్ని సైన్స్ అనొచ్చా అని వాళ్లలో వాళ్లకే పెద్ద జగడం. అంటే రాజీ ఆగిన చోటే వీళ్లూ ఆగారు: ముమ్కిన్. తేడా ఏంటంటే, రాజీ ఖుద్రత్ నుంచి వాదించారు, వీళ్లు సమీకరణాల నుంచి వాదిస్తున్నారు. కాబట్టి దొంగతనం ఏమీ లేదు బేటా. దారులు వేరు.

ఆ పని మన పక్కనే జరుగుతోందని చెబితే వాడు నమ్ముతాడో లేదో. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో క్లాసులు మొదలుపెట్టి, 2015లో కందికి మారిన ఐఐటీ వాళ్లు ఇండియన్ పల్సార్ టైమింగ్ అరే అనే బృందంలో ఉన్నారు. పల్సార్ అంటే చచ్చిపోయిన సితారా మిగిల్చిన గట్టి గుండు, గడియారం తప్పినా తప్పనంత ఖచ్చితంగా తిరుగుతుంది. గురుత్వ తరంగం దాటిపోయేటప్పుడు దాని టిక్ ఒక సెకనులో పది లక్షల వంతు కంటే తక్కువ ముందో వెనకో వస్తుంది. ఒక్క తరంగం దాటడానికే ఏళ్లు పడతాయి. పుణె అవతల ఖోడద్‌లో 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లతో తీసిన లెక్కలను, యూరప్ వాళ్ల పాతికేళ్ల లెక్కలతో కలిపి, 2023 జూన్ 29న చెప్పారు: ఆ సన్నని హోరుకు ఆధారం కనిపిస్తోంది అని. దొరికింది అనలేదు, ఆధారం అన్నారు. ఆ హోరు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే మహా కృష్ణబిలాల జంటలది కావచ్చు. ఎక్కువ మంది అంచనా అదే. కాయనాత్ తొలి క్షణాలది కావడమూ ముమ్కినే. ఇంకా కొన్నేళ్లు టిక్‌లు లెక్కపెట్టాలి.

కుర్రాడి బస్ రోజూ పోయేది ఆ కంది మీదుగానే. ఈద్ తర్వాత ఒక శనివారం మళ్లీ కలిశాడు, ఇదంతా చెప్పాను. సగం విన్నాడు. "ఆ సూఫీ సాహెబ్ చూసిన మబ్బు మనకు కనిపిస్తుందా చాచా?" అన్నాడు. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ లైట్లకు కనిపించదు. నవంబరులో అమావాస్యకు సంగారెడ్డి దాటి మంజీర వైపు పోతే, మగ్రిబ్ తర్వాత గంటన్నరకు ఈశాన్యం పైన, నేరుగా కాకుండా కాస్త పక్కకు చూపు పెట్టి చూస్తే కనిపిస్తుందన్నాను. ఆ వారం డే షిఫ్ట్ వేయించుకుంటానన్నాడు.